బండి సామాను: ఆటోనగర్ కౌంటరా, షోరూమా, ఆన్‌లైనా?

చెయిన్ కిట్టు ఆన్‌లైన్లో చవగ్గా ఇంటికే వస్తుంటే ఆటోనగర్ దాకా పోవడం దేనికని నెల్లూరు కుర్రాళ్లు అడుగుతూనే ఉన్నారు.

ఒకప్పుడు ఈ ప్రశ్నే లేదు. పాత సామాను పేపర్లో చుట్టుకుని పోతే, కౌంటర్లో మనిషి చేత్తో తిప్పి చూసి పైఅరలోంచి డబ్బా దించేవాడు. కార్బొరేటర్ బండ్లకి ఆ చూపు చాలేది. 2020 ఏప్రిల్ 1న బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక ఇంజెక్టర్లు, ఆక్సిజన్ సెన్సార్లు చేరాయి. పైకి అన్నీ ఒకేలా ఉంటాయి, కనెక్టర్ దగ్గర తేడా కొడుతుంది. వీటికి షోరూమే మేలు. ఛాసిస్ నంబరు కొట్టి పార్టు నంబరు తీస్తారు. ఎలక్ట్రికల్ సామాను బిగించాక వాపసు తీసుకునే షాపు దొరకడం కష్టం.

అరిగిపోయే సామానుకి మాత్రం నా ఓటు కౌంటర్‌కే. ఇక్కడ తేల్చేది ధర కాదు, సరిపోకపోతే ఆ సాయంత్రమే మార్చుకునే వీలు. 420, 428 చెయిన్లు రెండింటికీ పిన్నుకీ పిన్నుకీ మధ్య దూరం 12.7 మిల్లీమీటర్లే, లోపలి వెడల్పు వేరు. ఫొటోలో అది కనపడదు. 420 చెయిన్ 428 స్ప్రాకెట్ (చెయిన్ తిరిగే పళ్లచక్రం) మీద కూర్చోదు. 428 చెయిన్ 420 మీద కూర్చుంటుంది గానీ, పక్కలకి ఆడి పళ్లు తినేస్తుంది. కౌంటర్లో పాత చెయిన్ పక్కన పరిచి లింకులు, రెండు స్ప్రాకెట్ల పళ్లు లెక్కపెట్టుకోవచ్చు. ఆన్‌లైన్లోనూ వాపసు ఉంటుంది, కానీ అది తేలేదాకా బండి చక్రం ఊడి మెకానిక్ దగ్గరే పడుంటుంది.

ఎక్కడ కొన్నా చెయిన్, రెండు స్ప్రాకెట్లు మూడూ కలిపే మార్చండి. వంగిన పాత పళ్ల మీద కొత్త చెయిన్ తొందరగా పోతుంది. మైపాడు, కొత్తపట్నం వైపు ఉప్పుగాలికి నూనె ఆరనివ్వొద్దు. చీమకుర్తి గ్రానైట్ దుమ్ములో తిరిగే బండికి మిగులు నూనె తుడిచెయ్యాలి, లేదంటే దుమ్ముతో కలిసి సాన పట్టినట్టు అరగదీస్తుంది.

కౌంటర్‌తో చిక్కల్లా డూప్లికేట్ మాల్. సీలు డబ్బా మీద పార్టు నంబరు, ఎమ్మార్పీ, తయారీ నెల చూసుకోండి. "కంపెనీదా, లోకలా?" అని ముందే అడిగే షాపు నయం. బిల్లు అడగండి. 2025 సెప్టెంబరు 22 నుంచి విడిభాగాలన్నిటికీ జీఎస్టీ 18 శాతం, ఇంకా 28 వేస్తుంటే నిలదీయండి.

ఊళ్లో దొరకని పాత మోడల్ సామానుకి ఆన్‌లైన్ సరే, పార్టు నంబరు చేతిలో ఉంటే. పాత ఇనుము కొట్లలో అద్దాలు, మడ్‌గార్డులు కొనొచ్చు, బ్రేకు సామాను వద్దు. మోత సైలెన్సర్లు అమ్మే షాపుల జోలికి పోకండి. కంపెనీ ఇచ్చిన బండిని అనుమతి లేకుండా మారిస్తే ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు.