పాత కారు లోయర్ ఆర్మ్: బుష్‌లు మారిస్తే చాలా, ఆర్మ్ మొత్తం మార్చాలా?

పాత కారు ముందు చక్రాల దగ్గర టకటకమనే చప్పుడు మొదలైతే షెడ్డులో వినిపించే మొదటి మాట లోయర్ ఆర్మ్, రెండో మాట దాని ధర. ఆ రెండు మాటల మధ్య తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది. ఆర్మ్ మొత్తం కొత్తది వేయాలా, పాత ఆర్మ్‌లోనే కొత్త బుష్‌లు ఎక్కించాలా, లేక పాత సామాను కొట్టులో దొరికే ఆర్మ్‌తో సరిపెట్టుకోవాలా? షెడ్డులో ప్రెస్సు, లిఫ్టు, చేతి కింద కుర్రాళ్లు ఉంటారు కాబట్టి వాళ్లకు మూడూ ఒకటే. ఇంటి దగ్గర సొంతంగా విప్పేవారికి మాత్రం మూడింటికీ చాలా తేడా ఉంది. నా అభిప్రాయం ముందే చెబుతాను: ఇంట్లో చేసేటట్లయితే ఆర్మ్ మొత్తం మార్చడమే మేలు. మారుతి 800 లాంటి కార్లకు మాత్రం మినహాయింపు ఇస్తాను.

చిన్న కార్లలో ఎక్కువ వాటికి ముందు సస్పెన్షన్ ఒకే తరహాలో ఉంటుంది. బరువును స్ప్రింగు ఉన్న స్ట్రట్ మోస్తుంది. చక్రం ముందుకూ వెనక్కూ, లోపలికీ బయటికీ జరగకుండా పట్టుకునేది లోయర్ ఆర్మ్. దాని లోపలి కొస రబ్బరు బుష్‌లతో సబ్‌ఫ్రేమ్‌కు, అంటే కారు అడుగున ఉండే ఇనుప చట్రానికి, బిగించి ఉంటుంది. బయటి కొసన బాల్ జాయింట్ ఉంటుంది, గిన్నెలో గుండులా అన్ని వైపులా తిరిగే కీలు; అది చక్రం బేరింగు కూర్చునే నకిల్‌లోకి పోతుంది. బుష్ పాడైతే కారు విసిగిస్తుంది: స్పీడ్ బ్రేకర్ దగ్గర చప్పుడు, బ్రేకు వేస్తే ఒక పక్కకు లాగడం, టైరు ఒక అంచే అరిగిపోవడం. బాల్ జాయింట్ ఊడితే చక్రం కింది భాగం బయటికి తన్నుకుని కారు అక్కడే కూలబడుతుంది. అందుకే ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి బేరం చేయకూడదు.

గోదావరి డెల్టాలో ఈ భాగాలు త్వరగా ఎందుకు పోతాయో రోడ్డు చూస్తేనే తెలుస్తుంది. 216వ నంబరు జాతీయ రహదారి మీద ఎంత దూరం పోయినా ఫరవాలేదు. దాన్ని వదిలి పంట కాలువ గట్టు మీది రోడ్డు ఎక్కగానే ఎదురుగా ధాన్యం ట్రాక్టరో, రొయ్యల లారీయో వస్తుంది. పక్కకు తప్పుకోక తప్పదు. ఎడమ చక్రాలు తారు అంచు మీద నుంచి ధబీమని మట్టిలోకి దిగి, మళ్లీ ఆ అంచునే గుద్దుకుంటూ పైకి ఎక్కుతాయి. ఇటువంటి కార్లలో ఎడమ ఆర్మ్ ముందు పోవడంలో వింతేమీ లేదు. పైగా ఉప్పు. నరసాపురం, భీమవరం వైపు చెరువుల నుంచి వచ్చే లారీలు దారి పొడవునా నీళ్లు కారుస్తూ పోతాయి. అంతర్వేది, పేరుపాలెం వెళ్లి ఇసుకలో కారు దింపేవాళ్ల సంగతి చెప్పనక్కరలేదు. ఆ తడి బాల్ జాయింట్ మీది రబ్బరు తొడుగు ఎక్కడ చిట్లిందా అని చూస్తుంది. చిట్లిన చోట నుంచి బురద నీరు దూరి గ్రీజును తినేస్తుంది. అదే తడి బుష్ లోపల బోల్టుకు తుప్పు పట్టిస్తుంది. ఆ బోల్టు గొడవ తర్వాత చెబుతాను, అసలు కథంతా అక్కడే ఉంది.

డబ్బు తీసే ముందు తప్పు ఆర్మ్‌దేనని రూఢి చేసుకోవాలి. మలుపుల్లో కారు ఒరగకుండా చూసే స్టెబిలైజర్ బారుకు ఉండే సన్నటి లింక్ రాడ్ కూడా అచ్చం ఇదే చప్పుడు చేస్తుంది, దాని ధర చాలా తక్కువ. ముందు దాన్ని చేత్తో ఊపి చూడాలి. తర్వాత చిన్న గునపం బుష్ దగ్గర ఆనించి మెల్లగా ఎత్తితే, రబ్బరు చిట్లి ఉంటే ఇనుము ఇనుముకు తగలడం కంటికే కనిపిస్తుంది. బాల్ జాయింట్‌కైతే చక్రాన్ని గాలిలోకి లేపి, టైరును పైనా కిందా పట్టుకుని ఊపాలి. మరొకరు జాయింట్ మీద వేలు పెట్టి ఉంచితే లోపలి వదులు తెలుస్తుంది. చక్రం నేల మీద ఉండగా చూస్తే దొంగ దొరకడు.

ఇప్పుడు బుష్‌ల సంగతి. పాత ఆర్మ్ వంగకుండా, తుప్పు తినేయకుండా ఉంటే కొత్త బుష్‌లు వేయడం కాగితం మీద చవక బేరం. బుష్‌ల ఖర్చు వందల్లో, ఆర్మ్ ఖర్చు వేలల్లో ఉంటుంది. అయితే బుష్‌ను సుత్తితో కొట్టి ఎక్కించకూడదు, ప్రెస్సు కావాలి. అంటే కారును జాకీ స్టాండ్ల మీద నిలబెట్టి, ఆర్మ్‌ను సంచిలో వేసుకుని లేత్ షాపు ఉన్న ఊరికి పోవాలి. అక్కడ పంపు షాఫ్టుల పని, ట్రాక్టరు పని ముందుంటే మన ఆర్మ్ వాటి వెనక వరుసలో కూర్చుంటుంది. సాయంత్రానికి పని కాకపోతే కారు రాత్రంతా గాలిలోనే.

షాపులో దగ్గరుండి చూసుకోవలసినవి రెండున్నాయి. ఆర్మ్‌కు ఉండే రెండు బుష్‌లలో వెనక దాని రబ్బరులో చాలా కార్లకు ఖాళీలు వదిలి ఉంటాయి. ఆ ఖాళీలు ఒక నిర్దిష్టమైన దిశకే ఉండాలి. పాత బుష్ తీయకముందే ఆర్మ్ మీద సుద్దతో గుర్తు పెట్టుకోకపోతే, ఏ వైపు తిప్పి ఎక్కించినా అడిగేవాడు ఉండడు. రెండోది, ప్రెస్సు బుష్ బయటి గొట్టం అంచు మీదే నొక్కాలి. మధ్యలో నొక్కితే రబ్బరు అతుకు అక్కడే తెగుతుంది. కొత్త బుష్ ఆరు నెలలకే పోయిందని బుష్ కంపెనీని తిట్టేవారిలో కొందరి కథ ఇదే. ఇంత శ్రమ పడ్డాక కూడా బాల్ జాయింట్ పాతదే మిగులుతుంది. కొన్ని కార్లలో అది బోల్టులతో విడిగా వస్తుంది, కొన్నిటిలో ఆర్మ్‌తో కలిసే ఉంటుంది. కలిసి ఉన్నదైతే బుష్‌లు మార్చి మిగిల్చిన డబ్బు కొన్నాళ్లకు మళ్లీ ఆర్మ్‌కే పోతుంది, పని మాత్రం రెండుసార్లు.

మారుతి 800 తీరు వేరు. అందులో ఆర్మ్ సన్నటి అడ్డ కడ్డీలాంటిది. దాన్ని ముందుకూ వెనక్కూ పోకుండా పట్టేది స్టెబిలైజర్ బారే. లోపలి వైపు ఒక్క బుష్, బారుకు మరికొన్ని రబ్బర్లు. 2014లో తయారీ ఆగిపోయినా విడిభాగాల కొట్లలో ఈ రబ్బర్లు ఇప్పటికీ సులువుగా దొరికే సరుకు. ఆర్మ్ వంగకుండా ఉండి, బాల్ జాయింట్ బిగువుగా ఉంటే దానికి బుష్‌లే న్యాయం. 2005 తర్వాత వచ్చిన స్విఫ్ట్ లాంటి కార్లలో ఉండే ఎల్ ఆకారపు వెడల్పాటి రేకు ఆర్మ్‌కు ఆ లెక్క కుదరదు.

మొత్తం ఆర్మ్ కొంటే రెండు బుష్‌లు, బాల్ జాయింట్, కొత్త రేకు ఒకేసారి వస్తాయి. లేత్ షాపు ప్రసక్తి ఉండదు. పొద్దున విప్పితే సాయంత్రానికి కారు నాలుగు చక్రాల మీద నిలబడే అవకాశం ఎక్కువ. చిక్కల్లా సరుకుతోనే. కారు కంపెనీ పేరుతో వచ్చేది ఒక ధర, పేరున్న విడిభాగాల తయారీదారులది కొంచెం తక్కువ, పేరూ ఊరూ లేనిది సగానికి సగం. మధ్యది సరిపోతుందని నేననుకుంటాను, కాని పెట్టె చూసి కొనకూడదు. ఆర్మ్‌ను చేతిలోకి తీసుకుని పాతదాని పక్కన పెట్టి బరువు చూడాలి. వెల్డింగ్ గీత మధ్యలో తెగకుండా సాగిందా, బుష్ రబ్బరు గొట్టానికి చుట్టూ అతికి ఉందా, బాల్ జాయింట్‌ను బొటనవేలితో తోస్తే గట్టిగా ఎదురు తిరుగుతోందా అని చూడాలి. వదులుగా ఊగితే వెనక్కి ఇచ్చేయడమే. విజయవాడ ఆటోనగర్ నుంచి బస్సులో పార్శిల్ తెప్పించుకునేవారు వెనక్కి తీసుకుంటారో లేదో ఫోనులోనే అడిగి పెట్టుకోవడం మంచిది. ఎడమ, కుడి వేరువేరని గుర్తుంచుకుని మరీ చెప్పాలి.

సెకండ్ హ్యాండ్ ఆర్మ్ గురించి ఎక్కువ మాటలు అనవసరం. ప్రమాదంలో దెబ్బతిన్న కారు నుంచి వచ్చిన ఆర్మ్ కొద్దిగా వంగి ఉన్నా కంటికి తెలియదు. దాని రబ్బరు వయసు మన కారు రబ్బరు వయసే. రబ్బరుకు బదులు పాలియూరిథేన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన బుష్‌లు గట్టివని మోజు పడేవారూ ఉన్నారు. పరుగు పందాల కార్లకు అవి బాగుంటాయి. గట్టు రోడ్డు మీద ప్రతి గుంతా నేరుగా స్టీరింగ్‌లోకి వస్తుంది, ఎండిపోతే కీచుమంటాయి కూడా.

ఇక బోల్టు. ఇంట్లో చేయాలా, షెడ్డుకు ఇవ్వాలా అనేది నిర్ణయించేది మన నైపుణ్యం కన్నా ఎక్కువగా ఈ బోల్టే. బుష్ అంటే రెండు ఇనుప గొట్టాల మధ్య అతికించిన రబ్బరు. లోపలి గొట్టంలోంచి బోల్టు పోతుంది. తుప్పు పట్టితే బోల్టు, గొట్టం ఒకే ఇనుప కడ్డీ అయిపోతాయి. పానా తిరుగుతుంది, బోల్టు బయటికి రాదు. అప్పుడు గ్రైండర్‌తో బోల్టును రెండు వైపులా కోయాల్సిందే. దానికన్నా పెద్ద తలనొప్పి సబ్‌ఫ్రేమ్ లోపల వెల్డ్ చేసిన నట్టు ఊడి బోల్టుతో పాటు తిరగడం. ఇది ఇంటి పని కాదు. కొన్ని కార్లలో బోల్టు నిక్షేపంగా ఉన్నా ఇంజనో, గేరుబాక్సో అడ్డం వచ్చి బయటికి రాదు. అందుకే ఏ సామానూ కొనకముందే ఒక పరీక్ష పెట్టాలి. తుప్పు వదిలించే స్ప్రేను కొన్ని రోజుల పాటు పూటపూటా కొట్టి, ఒక సాయంత్రం ప్రతి బోల్టునూ పావు చుట్టు వదులు చేసి చూడాలి. కదిలితే మళ్లీ బిగించి ఆర్మ్‌లు కొనవచ్చు. మొండికేస్తే బలవంతం చేయకుండా అలాగే షెడ్డుకు పోవాలి. అక్కడైనా ఇది గంటల పనే కాబట్టి కూలి ఎక్కువ అడిగితే తప్పు పట్టలేము.

జాకీ పెట్టే చోటు కూడా చిన్న విషయం కాదు. మన ఒండ్రు నేల వానాకాలంలో జాకీని మింగేస్తుంది. మందపాటి చెక్క వేసినా ఒరుగుతుంది. సిమెంటు కళ్ళం ఉంటే అంతకన్నా మంచి చోటు లేదు, కాకపోతే సార్వా, దాళ్వా కోతల రోజుల్లో అది ఖాళీగా దొరకదు. సంక్రాంతి చుట్టాలు వెళ్లిపోయాక, నేల ఆరి ఎండ ముదరని రోజులు ఈ పనికి అనువైనవి. ఇటుకల మీద, కొబ్బరి మొద్దుల మీద కారు నిలబెట్టి దాని కిందికి దూరడం మాత్రం ఎవరు చెప్పినా వినకూడదు. ముందు రెండు చక్రాలూ ఒకేసారి స్టాండ్ల మీదికి లేపితే స్టెబిలైజర్ బారు మెలిక లేకుండా ఉంటుంది, లింకు సులువుగా వస్తుంది. బాల్ జాయింట్ విడిపోయాక నకిల్‌ను బయటికి వేలాడనివ్వకూడదు. డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింట్ ఊడి రావచ్చు, బ్రేకు గొట్టం సాగవచ్చు. ఒక తాడుతో కట్టి ఉంచితే సరిపోతుంది.

ఇంటి పని షెడ్డు పనిని మించే చోటు ఒకటుంది. బుష్ రబ్బరు తిరగదు, మెలి తిరుగుతుందంతే. చక్రం వేలాడుతుండగా బోల్టు పూర్తిగా బిగిస్తే, కారు నేల మీదికి దిగగానే రబ్బరు మెలిపడి ఎప్పటికీ ఆ మెలికలోనే ఉంటుంది, తొందరగా చిట్లిపోతుంది. బోల్టులు వదులుగా ఉంచి, కారు బరువు చక్రాల మీద పడ్డాకనే చివరి బిగింపు బిగించాలి. లిఫ్టు మీదున్న కారు వెనక మరో రెండు కార్లు వేచి ఉంటే ఈ ఓపిక ఎంతమందికి ఉంటుంది? “మొత్తం సెట్టు మార్చేశామండి, ఇంక చూసుకోనక్కరలేదు” అని తాళం చేతికిస్తారు. సొంత కారుకు ఆ తొందర లేదు. బిగింపు ఎంత ఉండాలన్నది కారుకొక లెక్క. ఆ కారు సర్వీస్ మాన్యువల్‌లోని అంకె చూసి టార్క్ రెంచ్‌తో బిగించాలి.

రెండు వైపులా మార్చాలా అంటే, బుష్‌లు చిట్లినవైతే రెండూ ఒకేసారి మార్చడం మంచిది. ఒక వైపు కొత్త రబ్బరు, మరో వైపు పాతది ఉంటే బ్రేకు వేసినప్పుడు కారు పక్కకు లాగవచ్చు. గుంతలో పడి ఎడమ ఆర్మ్ ఒక్కటే వంగి, కుడిది బిగువుగా ఉంటే మాత్రం ఒక్కటి మార్చడంలో తప్పు లేదు.

మిగిలింది వీల్ అలైన్‌మెంట్. ఇది ఇంట్లో కాదు, వదిలేయడానికీ లేదు. ఆర్మ్ మారితే చక్రాల కోణం కొంత మారవచ్చు, దాన్ని సరిచేయకపోతే కొత్త టైరైనా సరే అంచు అరిగిపోతుంది. మర్నాడే మెల్లగా దగ్గరి ఊరికి తీసుకుపోయి చేయించాలి. ఓ రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగాక, మళ్లీ కారు చక్రాల మీద ఉండగానే ఆ బోల్టుల బిగింపు ఒకసారి సరిచూసుకోవాలి.