పబ్బు వెనక పాటల మందిరం

నలభై ఏళ్లు పౌరాణిక నాటకాలకు హార్మోనియం వాయించినవాడిని. మాది మండపేట. అబ్బాయిని చూడటానికి లండన్ వెళ్లినప్పుడు రాజకోటల కంటే ముందు నేను పట్టుబట్టి చూసింది విల్టన్స్ మ్యూజిక్ హాల్. టవర్ హిల్ స్టేషన్‌కు దగ్గరలో, గ్రేసెస్ ఆలీ అనే ఇరుకు సందులో ఉంది.

బయటినుంచి చూస్తే నాటకశాల అనుకోరు. వరసగా నాలుగైదు పాత ఇళ్లు, అంతే. లోపల పబ్బు, దాని వెనక పెరటి స్థలాలన్నీ కలిపి కట్టిన హాలు. పబ్బు యజమాని జాన్ విల్టన్ దీన్ని 1859లో, అంటే మన ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన ఏడేళ్లకు తెరిచాడు. రేవు కూలీలు, నావికులు తింటూ తాగుతూ పాటలు వినేవారు. జనాన్ని రప్పించేది పాట, గల్లాపెట్టె నింపేది మద్యం. నాకిందులో వింతేమీ కనిపించలేదు. తీర్థాల్లో మా నాటకం తెల్లవార్లూ నడిస్తే లాభపడేది పందిరి పక్కన మిఠాయి కొట్లే కదా!

1877లో హాలు కాలిపోతే మళ్లీ కట్టారు. 1888లో మెథడిస్టులనే క్రైస్తవ శాఖవారి చేతికి వచ్చింది. మద్యం పారిన చోటే ప్రార్థనలు! మరుసటి ఏడాది రేవు కూలీల సమ్మెలో ఆకలిగొన్నవారికి ఇక్కడే అన్నం పెట్టారు. 1956 తర్వాత పాతగుడ్డల గోదాం అయింది. 1960లలో కూల్చబోతే కవి జాన్ బెట్జమన్ వంటివారు అడ్డుపడ్డారు.

బాల్కనీని మోసే ఇనుప స్తంభాలు కొబ్బరిపీచు తాడు పేనినట్టు మెలితిరిగి ఉంటాయి. బాగుచేసినవారు గోడలకు కొత్త రంగులు పులమలేదు, పెచ్చులూడినచోట అలాగే వదిలేశారు. నాకు అన్నిటికంటే నచ్చింది అదే.

చూపిస్తున్నామెను అడిగి, వేదికమీద మోహనలో చిన్న ఆలాపన చేశాను. మైకు లేదు. బాల్కనీ చివరనున్న అబ్బాయికి నేను ఊపిరి పీల్చిన చప్పుడు కూడా వినిపించిందట. మా వైపు ఒక కళ్యాణ మండపంలో నాలుగు మైకులు పెట్టినా మూడో వరసకు పద్యం చేరలేదు.

చరిత్ర చెబుతూ తిప్పి చూపేది వేరే టికెట్టు. దానికే వెళ్లండి. పాత పబ్బు గదిని మహోగనీ బార్ అంటారు. నేను తాగను. అబ్బాయి తన బీరు గ్లాసు నా ముందు పెట్టి ఫోటో తీశాడు. మండపేటలో ఇంతవరకు ఎవరికీ చూపించలేదు.