ఇంటి బీమా: బ్యాంకు ఇచ్చిన కోట్ మేలా, విడిగా తీసుకుంటే మేలా?

హోమ్ లోన్ ఖాయమయ్యాక బ్యాంకులో బీమా కోట్ కూడా చేతిలో పెడతారు. ఆన్‌లైన్‌లో వెతికితే అంతకన్నా బాగా తక్కువకే ఇంకోటి కనిపిస్తుంది. చాలామంది అంకె చూసి అక్కడే తేల్చేస్తారు. అసలు రెండూ ఒకే సరుకేనా?

ముందు ఎంత మొత్తానికి చేస్తున్నారో చూడండి. బెజవాడ సింగ్ నగర్‌లో 60 లక్షలు పెట్టి ఫ్లాట్ కొన్నారనుకుందాం. అందులో స్థలం వాటా ధర కూడా ఉంది. ఎంత వరదొచ్చినా స్థలం ఎక్కడికీ పోదు కదా! కార్పెట్ ఏరియా 1,000 చదరపు అడుగులు, కట్టుబడి అడుగుకు 2,000 అనుకుంటే 20 లక్షలకు చేయిస్తే చాలు. బ్యాంకు కోట్ లోన్ మొత్తానికి వేసి ఉంటే ఆ తేడాకు కట్టేదంతా దండగే. జీవిత బీమా కూడా అందులో కలిపారేమో అడగండి. ప్రీమియాన్ని లోన్‌లోనే కలిపేస్తే దాని మీదా వడ్డీ పడుతుంది.

ఇక సామాన్లు. బెజవాడలో నన్నడిగితే అసలు చూడాల్సింది ఇదే. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు నీళ్లు ఇళ్లలోకి వచ్చినప్పుడు గోడలు నిలిచిన చోట కూడా ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, పరుపులు, బీరువా కింది అరల్లోని బట్టలు పోయాయి. బ్యాంకుకు కావాల్సింది కట్టడం భద్రంగా ఉండటం. మీ మిక్సీతో దానికేం పని?

2021 ఏప్రిల్ 1 నుంచి ‘భారత్ గృహ రక్ష’ అనే ప్రామాణిక పాలసీ ఉంది. ఇంటికి చేయిస్తే, బీమా మొత్తంలో 20 శాతం దాకా, గరిష్ఠంగా 10 లక్షలకు, జాబితా ఇవ్వకపోయినా సామాన్లకూ వర్తిస్తుంది. పై లెక్కన 4 లక్షలు. వరద, తుపాను, అగ్నిప్రమాదం అన్నీ ఉంటాయి. మామూలు దొంగతనానికి మాత్రం విడిగా కవర్ తీసుకోవాలి, బంగారానికీ అంతే.

గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉండేవాళ్లకు విడిగా గృహ రక్ష తీసుకోవడమే మేలు, 4 లక్షలు చాలకపోతే సామాన్ల మొత్తం పెంచుకుని. పాలసీలో బ్యాంకు పేరు రాయిస్తే సరిపోతుందేమో ముందే కనుక్కోండి. నాలుగో అంతస్తు వాళ్లకు ముంపు కన్నా దొంగల టెన్షనే ఎక్కువ, ఆ కవర్ చేర్చాకే ధరలు పోల్చాలి. బ్యాంకు ఇచ్చేదీ గృహ రక్షే అయి, జీవిత బీమా తగిలించకపోతే అదే తీసుకోవచ్చు. అద్దెకుండేవాళ్లు సామాన్లకు మాత్రమే చేయించుకోవచ్చు.

సెల్లార్‌లో మునిగిన బండి ఈ రెండింటిలోనూ రాదు. దానికి మోటార్ పాలసీనే చూసుకోవాలి, అదీ థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే పైసా రాదు.