మిద్దెకు వాటర్‌ప్రూఫింగ్ చేయిస్తున్నవారికి హెచ్చరిక: పదేళ్ల వారంటీ కాగితాన్ని నమ్మి మేము నష్టపోయిన తీరు

నెల్లూరులోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ సొంత ఇల్లు ఉండి, వానలు మొదలయ్యేలోగా మిద్దెకు వాటర్‌ప్రూఫింగ్ చేయించాలనుకుంటున్న వారు దయచేసి ఇది పూర్తిగా చదవండి. 2024 సెప్టెంబరు చివరి వారంలో మేము 40,500 రూపాయలు పెట్టి చేయించిన పని మూడు వారాలు కూడా నిలవలేదు. పోయిన డబ్బు ఒక ఎత్తయితే, ఇక మిద్దె కారదన్న ధీమాతో సామాన్లు ఎక్కడివక్కడే ఉంచడం వల్ల జరిగిన నష్టం ఇంకొక ఎత్తు.

మాది వేదాయపాలెం వైపు 1998లో కట్టిన ఒక అంతస్తు ఇల్లు. మన జిల్లాకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలతోనే వస్తాయని, వాటి వెంట వాయుగుండాలు, తుపాన్లు తప్పవని ఇక్కడివారికి వేరే చెప్పనక్కరలేదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటడానికి ముందు మన వైపు ఎడతెరిపి లేకుండా కురిసినప్పుడు, మా పడకగది మూలన, సరిగ్గా పిట్టగోడ కిందుగా, అరచేయంత చెమ్మ మొదటిసారి కనిపించింది. ఎండాకాలంలోనే బాగుచేయించి ఉండవలసింది. వాయిదా వేస్తూ వేస్తూ చిత్త కార్తె దగ్గరపడే సమయానికి తొందరపడి, వీధిలో పంచిన కరపత్రం చూసి ఒక కాంట్రాక్టరుకు ఫోన్ చేశాము.

ఆయన వచ్చి టేపుతో కొలిచి, 900 చదరపు అడుగులకు అడుగుకు 45 రూపాయల లెక్కన ఒక చీటీ రాసి, పదేళ్ల వారంటీ అన్నారు. చీటీలో ఏ రకం పూత, ఎన్ని పూతలు, పగుళ్లకు ఏమి చేస్తారు అనే మాటే లేదు. 25,000 రూపాయలు ఫోన్ ద్వారా ముందుగా పంపాము. పనివాళ్లు వచ్చేనాటి ముందు రాత్రి గట్టి జల్లు పడింది. మిద్దె మీద పిట్టగోడ పొడవునా నీళ్లు నిలిచి ఉన్నాయి. గుడ్డలతో తుడిచి, చీపురుతో ఊడ్చి, రెండు గంటలు ఎండ తగలగానే పూత మొదలుపెట్టారు. తడి ఆరలేదేమో అని నేను అడిగితే, "అమ్మా, ఈ మందు తడి మీద ఇంకా బాగా పట్టుకుంటుంది, మీరేం దిగులు పడొద్దు" అన్నారు. ఆ మాట అబద్ధం. తడి కాంక్రీటు మీద కూడా వేయదగిన సిమెంటు రకం పూతలు వేరుగా ఉన్నాయి. మాకు వేసిన యాక్రిలిక్ పూతకు కాంక్రీటు ఉపరితలం పూర్తిగా ఆరి ఉండాలని డబ్బా మీదే అచ్చు వేసి ఉంది. దాన్ని నేను ఆ రోజే చదవవలసింది.

డబ్బా మీద ఇంకొక విషయం కూడా ఉంటుంది, దాన్ని తప్పక చూడండి. ఒక లీటరుకు రెండు పూతలు వేస్తే ఎన్ని చదరపు అడుగులు వస్తుందో అక్కడ రాసి ఉంటుంది. మా డబ్బా ప్రకారం లీటరుకు సుమారు 20 నుంచి 25 అడుగులు. అంటే మా మిద్దెకు తక్కువలో తక్కువ 36 లీటర్లు పట్టాలి. పని అయిన తరువాత మెట్ల కింద మిగిలిన ఖాళీ డబ్బా ఒకటే, 20 లీటర్లది. తక్కినదంతా బకెట్లతో కలిపిన నీళ్లేనని ఆ లెక్క వేసుకున్న తరువాత గాని మాకు తట్టలేదు. పని మొదలయ్యే ముందే సీలు తీయని డబ్బాలను లెక్కపెట్టి ఫోటో తీసుకుని, ఖాళీ డబ్బాలను వాళ్లు తీసుకుపోకుండా ఇంట్లోనే ఉంచుకుంటే ఇలాంటి మోసం దాగదు.

ఆ సాయంత్రమే మిగతా 15,500 రూపాయలు నగదుగా అడిగి తీసుకున్నారు. మిద్దె తెల్లగా మెరుస్తూ ఉంటే ఇవ్వకుండా ఉండటానికి మాకు కారణం కనిపించలేదు.

అక్టోబరు మధ్యలో వాయుగుండం వచ్చింది. రెండో రోజు రాత్రి పడకగదిలో ఫ్యాను కొక్కెం నుంచి బొట్టు బొట్టుగా మొదలై, తెల్లవారేసరికి స్విచ్‌బోర్డు సందుల్లోంచి సన్నటి ధార కారుతోంది. శ్లాబులోకి దిగిన నీరు కరెంటు తీగలు వేసిన పైపులనే దారిగా చేసుకుంటుంది కనుక, చుక్క ఒకచోట పడుతున్నా పగులు మరెక్కడో ఉండవచ్చు. అందువల్ల అలాంటప్పుడు చేయవలసిన మొదటి పని బకెట్ పెట్టడం కాదు, పొడి చేతులతో, పొడి చెప్పులతో వెళ్లి మెయిన్ స్విచ్ కట్టేయడం. మెయిన్ బోర్డు దగ్గరే నీళ్లు ఉంటే దాని జోలికి పోకుండా విద్యుత్ శాఖవారికి ఫోన్ చేయాలి.

వాన తెరిపి ఇచ్చాక మిద్దె ఎక్కి చూశాను. పూత అక్కడక్కడ బుడగలుగా ఉబ్బి ఉంది. ఒక బుడగను గోటితో గిల్లితే, కాగిన పాల మీద మీగడ లేచినట్లు చేతి వెడల్పు పొర ఒక్కసారిగా ఊడి వచ్చింది. దాని అడుగున నీటి చుక్కలు వరుసగా అంటుకుని ఉన్నాయి, కాంక్రీటు నల్లగా నానిపోయి ఉంది. పిట్టగోడా శ్లాబూ కలిసే చోట ఉన్న పాత పగులును వాళ్లు పూడ్చనేలేదు, దాని మీదే తెల్లరంగు పూశారు.

ఇంట్లో జరిగినది రాయడం కష్టంగానే ఉంది. అటక మీద ట్రంకు పెట్టెలో మా అత్తయ్యగారి పెళ్లి చీరలు, ఇంటి దస్తావేజులు ఉన్నాయి. నీళ్లు మూత అంచు నుంచి లోపలికి దిగాయి. అంటుకుపోయిన కాగితాలను లాగవద్దని, వెంటనే ఆరబెట్టే వీలు లేకపోతే ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఫ్రిజ్ పై అరలో గడ్డకట్టనిస్తే బూజు ఆగుతుందని, తరువాత నిదానంగా విడదీయవచ్చని మా బంధువు ఒకాయన చెప్పడం వల్ల దస్తావేజులు దక్కాయి. చీరలను నీడలో, ఫ్యాను గాలికి ఆరేశాము, కానీ ఒకదాని ఎరుపు రంగు పక్క చీర జరీ అంచులోకి దిగిపోయింది. తడిసిన చోట ఒకటి రెండు రోజుల్లోనే బూజు మొదలవుతుంది కాబట్టి ఆ రెండు రోజులను వృథా చేయకండి. కిటికీలన్నీ తెరిచి, బీరువాలను గోడ నుంచి జానెడు దూరం జరిపి, కరెంటు పని చేసే అతను పరీక్షించి సరే అన్న తరువాత మాత్రమే ఫ్యాన్లు వేసుకోండి. నీళ్లు పీల్చిన ఫోము పరుపు లోపల ఆరదు, దాన్ని వదులుకోవడమే మంచిది. ఏది పారవేసే ముందైనా ఫోటోలు తీయండి. ఇంటి బీమా ఉన్నవారు వెంటనే కంపెనీకి తెలియజేసి, సర్వేయరు చూసేవరకు పాడైన సామాన్లను ఉంచండి. తుపాను, వరద నష్టాలకు ఇచ్చే పాలసీలు కూడా ఏళ్ల తరబడి ఊరుతూ వచ్చిన చెమ్మకు సాధారణంగా ఇవ్వవు.

వాన వెలిసిన వారానికే అదే కాంట్రాక్టరు వచ్చి, లోపల పుట్టీ పెట్టి రంగు వేస్తే చెమ్మ కనబడదని, ఖర్చులు మాత్రం ఇస్తే చాలని అన్నారు. ఈసారి మేము ఒప్పుకోలేదు. తడి గోడ మీద పుట్టీ పెడితే ఉప్పు తేలి, పెచ్చులుగా ఊడిపోతుంది. గోడ ఆరిందో లేదో తెలుసుకోవడానికి అడుగు చదరం పాలిథిన్ ముక్కను నాలుగు అంచులా టేపుతో గోడకు అంటించి ఒక రోజు ఉంచితే చాలు. లోపలి వైపు తేమ పడితే ఇంకా ఆగాలి. మా గోడకు సంక్రాంతి దాటాక, ఫిబ్రవరిలో గాని ఆ ముక్క పొడిగా రాలేదు.

ఏప్రిల్‌లో, కోవూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్ద మేస్త్రీ చేత మళ్లీ పని చేయించాము. ఆయన ఊడిన పొరను చేత్తో నలిపి చూసి, "లోపల నీళ్లు ఉండంగానే మూసేసినారమ్మా, అది ఎట్ట నిలుస్తుంది" అన్నారు. పాత పూతనంతా గీకించి, పిట్టగోడ మూల పగులును ఉలితో వెడల్పు చేసి, పాలిమర్ ద్రావణం కలిపిన సిమెంటుతో నింపి, ఆ మూలను గుండ్రంగా తిప్పారు. నీళ్లు నిలిచే పల్లాలను సరిచేసి, వాన నీళ్లు పోయే పైపు నోటి వైపు వాలు తెచ్చారు. సంపూర్ణంగా ఆరిన తరువాత పల్చని ఫైబరు వల పరిచి, ఒక పూత నిలువుగా, మరొకటి అడ్డంగా వేశారు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఆ తరువాత జరిగిన నీటి పరీక్ష. పైపు నోళ్లు మూసి, మిద్దె మీద రెండంగుళాల నీళ్లు కట్టి, పిట్టగోడ మీద నీటి మట్టం దగ్గర గీత గీసి, 48 గంటలు ఉంచారు. కింద ప్రతి గదిలో సీలింగును టార్చిలైటు వేసి చూశాము. ఎక్కడా చెమ్మ రాలేదు. ఆ ఎత్తు నీరు చదరపు మీటరుకు సుమారు 50 కిలోల బరువు ఉంటుంది కనుక, పాతబడి కమ్ములు బయటపడిన శ్లాబు అయితే ముందు ఇంజనీరుకు చూపించకుండా నీళ్లు కట్టకండి. ఈ పరీక్ష ముగిసేవరకు కూలిలో మూడో వంతు ఇవ్వనని నేను ముందే చెప్పాను, మేస్త్రీ మారు మాట్లాడకుండా ఒప్పుకున్నారు.

ఇక ఆ వారంటీ కాగితం. దాని మీద పూత తయారుచేసే కంపెనీ ముద్ర లేదు, కాంట్రాక్టరు సొంత రబ్బరు స్టాంపు మాత్రమే ఉంది. సామాను బ్యాచ్ నంబరు లేదు, పని చేసిన తేదీ లేదు, కారితే ఎన్ని రోజుల్లో వచ్చి ఏమి చేస్తారో లేదు. రిజిస్టర్డ్ పోస్టులో పంపిన ఉత్తరానికి జవాబు రాలేదు. జీఎస్టీ బిల్లు అడగకపోవడం, రెండో విడత నగదుగా ఇవ్వడం వల్ల ఇప్పుడు మా చేతిలో రుజువుగా నిలిచినది ఫోన్ ద్వారా పంపిన 25,000 రూపాయల వివరం, మేము తీసిన ఫోటోలు, ఆ ఒక్క ఖాళీ డబ్బా. వాటితోనే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు సిద్ధమవుతున్నాము. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు, కారణం ఏర్పడిన రెండేళ్లలోపు చేయాలి, మనం చెల్లించిన సొమ్ము ఐదు లక్షలు మించకపోతే రుసుము లేదు. దానికి ముందు సలహా కోసం జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు.

ఫిర్యాదు తేలేవరకు అతని పేరు ఇక్కడ రాయడం లేదు. మీ వీధిలో కరపత్రం పంచి, వాన పడిన మర్నాడే పని మొదలుపెడతానని ఎవరైనా వస్తే, చివరి విడత డబ్బు 48 గంటల నీటి పరీక్ష తరువాతే ఇస్తామన్న షరతును చీటీలోనే రాసి సంతకం పెట్టమనండి. పెట్టనంటే ముందస్తు పైసా కూడా పంపకండి.