పాతర దెయ్యం ఇల్లు: కథ గట్టిది, చివరి గదే తేలిపోయింది

తిరుపతిలోని మా వీధి కుర్రవాళ్లు కొందరు, ఖాళీగా ఉన్న ఒక పాత మిద్దె ఇంటిని వేసవి సెలవుల్లో దెయ్యాల కొంపగా మార్చి, మనిషికి 30 రూపాయల చొప్పున చూపిస్తున్నారు. అట్టముక్కలు, నల్లగుడ్డలు, రెండు స్పీకర్లు తప్ప పెద్ద సరంజామా ఏదీ లేకపోయినా, లోపలికి పంపే ముందు వాకిట్లో చెప్పే కథ వల్లనే ఆ ఇల్లు రక్తి కట్టింది.

ఆ కథ 1876-78 నాటి ధాత కరువులో జరుగుతుంది. రాగులను నేలలోని పాతరలో దాచి, అడిగినవారికి గింజ కూడా లేదని చెప్పిన ఒక షావుకారు, ఒక రాత్రి మూత తీసి తానే దిగి, తిరిగి పైకి రాలేదట. మూసి ఉన్న పాతరలో ధాన్యం వదిలే బొగ్గుపులుసు వాయువు అడుగున పేరుకుంటుంది కాబట్టి, పూర్వం రైతులు ముందుగా దీపాన్ని దించి చూసి, అది ఆరిపోతే దిగేవారు కారు. ఆ జాగ్రత్తనే వీళ్లు భయానికి వాడుకున్నారు: నడవలోని గోతిలోకి తాడుతో దించిన లాంతరు మన కళ్లముందే ఆరిపోతుంది, ఆ చీకట్లో ఎవరో పడితో గింజలు కొలుస్తున్న చప్పుడు వినిపిస్తుంది. (నా పక్కనున్న పెద్దాయన గోవింద నామం అందుకున్నారు.)

అయితే చివరి గదిలో ప్లాస్టిక్ అస్థిపంజరాన్ని, గుమ్మడికాయ ముసుగును ఎందుకు పెట్టారో అర్థం కాలేదు. కరువు కథలోకి అవి ఎక్కడి నుంచి వచ్చాయి? వాటికి బదులు, ఖాళీ చేట పట్టుకుని మౌనంగా నిలబడిన ఒక తల్లి ఉంటే చాలు. బయటికి వచ్చే మెట్ల దగ్గర వెలుతురు లేదు; పిల్లలను చేయి పట్టుకుని దింపవలసి వస్తుంది.