కథ అల్లుతూ మాట్లాడటం నేర్పిన వర్క్‌షాప్: నా రివ్యూ

కరుణతో మాట్లాడటం, అందరూ కలిసి కథ అల్లడం, ఈ రెండూ కలిపి నేర్పే రెండు రోజుల వర్క్‌షాప్‌కి వెళ్లొచ్చాను. వెళ్దామా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్ల కోసం రాస్తున్నా. తప్పకుండా వెళ్లండి, కానీ మొదటి పూట చూసి లేచి వచ్చేయకండి.

ఆ పూటంతా పాఠమే మరి. కరుణతో మాట్లాడటమనేది అమెరికన్ సైకాలజిస్ట్ మార్షల్ రోజెన్‌బర్గ్ 1960లలో మొదలుపెట్టిన పద్ధతి. నాలుగు మెట్లు: జరిగింది జరిగినట్టు చెప్పడం, మన మనసులో ఏముందో చెప్పడం, దాని వెనకున్న అవసరం చెప్పడం, ఆఖరున ఒక విన్నపం. వినడానికి సులువుగానే ఉంది. రెండో మెట్టు దగ్గర మాత్రం గదిలో దాదాపు అందరం ఇరుక్కుపోయాం. "నన్ను లెక్కచేయట్లేదనిపిస్తోంది" అన్నాను నేను. అది ఫీలింగ్ కాదు, ఎదుటివాళ్ల మీద తీర్పు అన్నారు. నిజమే, మనం "అనిపిస్తోంది" తగిలించి ఎన్ని నిందలు వేస్తామో అప్పుడే గమనించాను. దాన్ని తీసేసి వెతికితే మిగిలింది ఒక్కటే, దిగులు. ఆ మాట నోటితో అని ఎన్నేళ్లయిందో.

అసలు సంగతి మధ్యాహ్నం కథలతో మొదలైంది. ఆరుగురం గుండ్రంగా కూర్చున్నాం, ఒక్కొక్కరూ ఒక్కో వాక్యం కలుపుతూ పోవాలి, కాకపోతే మన వాక్యం చెప్పేముందు పక్కవాళ్లు అన్నది తిరిగి చెప్పి, కథలో ఆ మనిషికి అప్పుడు ఎలా ఉండి ఉంటుందో ఒక్క మాటలో చెప్పాలి. ఈ చిన్న నియమమే ప్రాణం. మామూలుగా మన వంతు వచ్చేదాకా మనం ఏం చెప్పాలా అని లోపల సిద్ధం చేసుకుంటూ ఉంటాం కదా, ఇక్కడ అలా కుదరదు, వినకపోతే కథ అక్కడే తెగిపోతుంది. మా కథలో ఒకడు చాలాకాలానికి ఇంటికొచ్చి తలుపు కొడతాడు. పొద్దున్నుంచి పెదవి విప్పని ఒకాయన, "లోపల ఆమె గడియ మీద చెయ్యి వేసి నిలబడింది, తియ్యలేదు" అన్నారు. నా వంతు. ఆమెకి ఎలా ఉండి ఉంటుంది? "కోపం" అనబోయి ఆగి, "భయం" అన్నాను. ఆయన నావైపు చూసి మెల్లగా తలూపారు. అంతసేపు పాఠం విన్నా అర్థం కానిది ఆ క్షణంలో అర్థమైంది.

రెండో రోజు ప్లేబ్యాక్ థియేటర్. 1975లో జొనాథన్ ఫాక్స్, జో సాలస్ మొదలుపెట్టిన పద్ధతి, ఒకరు తమకి జరిగింది చెబితే మిగతావాళ్లు అప్పటికప్పుడు నటించి చూపిస్తారు. నేను మా అక్కతో జరిగిన గొడవ చెప్పాను. అక్క పాత్ర వేసినామె ఫోన్ మోగుతుంటే చూస్తూ, "ఎత్తితే మళ్లీ నాదే తప్పంటుంది" అని తనలో తాను అనుకుంది. ఆ మాట నేను చెప్పలేదు, ఆమెకే తోచింది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

లోపాలూ చెప్పాలి. ఫీలింగ్స్ పేర్లతో ఇచ్చిన కాగితం ఇంగ్లీషు నుంచి దించినట్టుంది, ఇంట్లో ఎవరూ అనని మాటలు. బెంగ, ఉక్రోషం, చిన్నబోవడం లాంటి మాటలు మనకుండగా వాటినెందుకు వదిలేశారో తెలియలేదు. ఇంకోటి దీనికంటే పెద్దది: ఆఖరి గంటలో టైమ్ అయిపోతోందని ఒకామె చెబుతున్నది మధ్యలో ఆపేశారు. ఆమె ఏడుపు దిగమింగుకుని కూర్చుంది. వినడం నేర్పేచోట అలా జరక్కూడదు, నిర్వాహకులకి కూడా ఇదే చెప్పాను. చేరేముందు ఒక్కో బృందంలో ఎంతమందిని పెడతారో అడగండి, ఆరుగురు దాటితే అందరికీ వంతు రావడం కష్టం.

వచ్చాక అక్కకి ఫోన్ చేశాను. "నువ్వెప్పుడూ ఎత్తవు" అనలేదు. "పోయిన వారం మూడుసార్లు చేశాను, దిగులేసింది, ఆదివారం కాసేపు మాట్లాడుకుందామా, కుదరకపోతే పర్లేదు" అన్నాను. చివరి ముక్క మనస్ఫూర్తిగా అనడానికే ఎక్కువ కష్టపడ్డాను, ఎందుకంటే వద్దంటే మనకి కోపం వచ్చేటట్టయితే అది విన్నపం కాదు, హుకుం అని అక్కడ చెప్పారు. అక్క కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఆదివారం ఎందుకు, ఇప్పుడు మాట్లాడు" అంది.