తెల్లమచ్చ వైరస్‌కు గట్టు మీది పరీక్ష: స్ట్రిప్ కిట్ ఎంతవరకు నమ్మొచ్చు

రొయ్యలు నీరసించి గట్టు వారకు చేరినప్పుడు, వచ్చింది తెల్లమచ్చ అవునా కాదా అని పావుగంటలో తేల్చుకోవడానికి స్ట్రిప్ కిట్ బాగా పనికొస్తుంది. ఆరోగ్యంగా తిరుగుతున్న చెరువులో వైరస్ లేదని భరోసా కోసమైతే మాత్రం కొనొద్దు. సీడు (చెరువులో వదిలే రొయ్య పిల్లలు) పరీక్షకు అసలే వద్దు.

తేడా అంతా అది పనిచేసే తీరులోనే ఉంది. ల్యాబ్‌లో చేసే పీసీఆర్ పరీక్ష వైరస్ డీఎన్‌ఏను లక్షల రెట్లు పెంచి చూస్తుంది. స్ట్రిప్ దేన్నీ పెంచదు. వైరస్ పైపొరలోని వీపీ28 లాంటి ప్రోటీన్‌ను యాంటీబాడీలతో పట్టి గీతగా చూపిస్తుంది, అంతే. ఆ గీత కంటికి ఆనాలంటే రొయ్య ఒంట్లో వైరస్ అప్పటికే బాగా పెరిగి ఉండాలి. అందుకే పీసీఆర్‌తో పోలిస్తే దీని సున్నితత్వం వందల రెట్లు తక్కువ. పాజిటివ్ వస్తే నమ్మండి. నెగెటివ్ వస్తే, ఆ రొయ్యలో గీత పడేంత వైరస్ లేదని మాత్రమే అర్థం.

పెట్టెలో బఫర్ (నమూనాను కలిపే ద్రవం) నింపిన చిన్న గొట్టం, నూరడానికి ప్లాస్టిక్ పుల్ల, డ్రాపర్, రేకు సంచిలో స్ట్రిప్ ఉంటాయి. పరీక్ష తేలికే, చెడేది నమూనా దగ్గరే. చచ్చి ఉబ్బిన రొయ్య పనికిరాదు, అందులో ప్రోటీన్ కుళ్లిపోయి ఉంటుంది. చెక్‌ట్రేలో (మేత తింటున్నాయో లేదో చూసే పళ్లెం) మేత ముట్టకుండా పడి ఉన్నవి, ఒళ్లు ఎర్రబారినవి, పేగు ఖాళీగా ఉన్నవి, కొనప్రాణంతో ఉన్నవి ఏరుకోవాలి. మొప్పలు గానీ ఈత కాళ్లు గానీ కొంచెమే తుంచి బఫర్‌లో మెత్తగా నూరాలి. లివర్ జోలికి పోవద్దు. అందులోని కొవ్వు, ముద్ద స్ట్రిప్ పొరకు అడ్డంపడి ద్రవం పైకి పాకదు. ఎక్కువ కండ వేస్తే ఎక్కువ కచ్చితంగా వస్తుందనుకోవడం కూడా పొరపాటే, అదీ ఇలాగే అడ్డుపడుతుంది. నూరినది కాసేపు కదపకుండా ఉంచి, పైన తేరిన ద్రవాన్నే కిట్‌లో చెప్పినన్ని చుక్కలు వేయాలి. బఫర్ ఒలికిపోయిందని కుళాయి నీళ్లో చెరువు నీళ్లో కలిపితే ఆ ఫలితం చెల్లదు.

సి గీత (స్ట్రిప్ పనిచేస్తోందని చూపేది) రాకపోతే స్ట్రిప్ చెడినట్టే, టి గీత (వైరస్‌ను చూపేది) ఉన్నా లెక్కచేయొద్దు. సి వచ్చి, టి ఎంత పలచగా పడినా పాజిటివే. కాగితంలో చెప్పిన సమయానికే చదవాలి. గంట తర్వాత ఎండిన స్ట్రిప్ మీద తేలే బూడిదరంగు గీతతో చాలామంది అనవసరంగా కంగారుపడతారు. అయిదారు రొయ్యలు కలిపి నూరడం పీసీఆర్‌కు సరే గానీ, ఇక్కడ మంచి రొయ్యల రసం జబ్బు రొయ్య ప్రోటీన్‌ను పలచన చేస్తుంది. విడివిడిగా నాలుగైదు స్ట్రిప్పులు వాడటమే మేలు.

కిట్ విలువ బాగా తెలిసేది మచ్చల దగ్గర. పెంకు మీద తెల్లమచ్చలు కొన్ని బ్యాక్టీరియా వల్లా వస్తాయి, పీహెచ్, కఠినత్వం ఎక్కువైన నీటిలోనూ వస్తాయి. ఇటు వనామీ రకం రొయ్యల్లో చాలాసార్లు మచ్చ కనపడకుండానే, ఒళ్లు ఎర్రబారి చావులు మొదలవుతాయి. నిజమైన తెల్లమచ్చ అయితే 3 నుంచి 10 రోజుల్లో చెరువు మొత్తం పోవచ్చు. కంటిచూపుతో తేల్చుకునే వ్యవధి ఉండదు.

సీడుకు నెస్టెడ్ పీసీఆరే, అంటే రెండు దశల్లో చేసే పీసీఆర్. నూటికి రెండు పిల్లల్లో వైరస్ ఉన్నా 95 శాతం నమ్మకంతో పట్టుకోవాలంటే ట్యాంకు నుంచి 150 పిల్లలు తీయాలి. 60 తీస్తే నూటికి అయిదు ఉన్నప్పుడే దొరుకుతుంది. కాస్త పెద్ద పిల్లలైతే కళ్లు తీసేయాలి, వాటిలోని పదార్థం పీసీఆర్‌ను అడ్డుకుంటుంది. రెండో దశలో మాత్రమే పాజిటివ్ వచ్చిందంటే వైరస్ తక్కువగా ఉందని. సీడు విషయంలో ఆ 'తక్కువ' కూడా తిరగ్గొట్టాల్సిందే.

పాజిటివ్ వచ్చాక చేయాల్సినదాని గురించి పెట్టెలోని కాగితం ఒక్క ముక్కా చెప్పదు. ఇది పెద్ద లోటు. తూము వెంటనే మూయాలి, పక్క చెరువుల వాళ్లకు చెప్పాలి. యాంటీబయాటిక్ వైరస్‌ను ఏమీ చేయదు. అమ్మకానికి తగిన సైజు ఉంటే నీరు వదలకుండా వలతో పట్టేయాలి, ఆ వల మరో చెరువులోకి వెళ్లకూడదు. మిగిలిన నీటిలో 30 పీపీఎం (లీటరుకు 30 మిల్లీగ్రాములు) క్లోరిన్ ఉండాలంటే, 30 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడర్ 100 పీపీఎం పడుతుంది: హెక్టారులో మీటరు లోతుకు 1,000 కిలోలు. ఎండకు క్లోరిన్ విరిగిపోతుంది కాబట్టి సాయంత్రం వేసి, ఏరేటర్లతో కలపాలి. పాత సంచిలో ఆ 30 శాతం మిగలదు, పీహెచ్ ఎక్కువున్న నీటిలో పదును తగ్గుతుంది. కనీసం వారం నిలిపాకే నీరు వదలాలి. పీతలు వైరస్‌ను మోస్తాయి, వాటినీ ఏరేయాలి.

రొయ్యలకు వచ్చే ఇతర వైరస్‌లు టారా, ఎల్లోహెడ్, ఐఎంఎన్‌వీ ఈ స్ట్రిప్‌లో కనపడవు. అవి ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లు, వాటికి ఆర్‌ఎన్‌ఏను ముందు డీఎన్‌ఏగా మార్చి చూసే ఆర్‌టీ-పీసీఆర్ కావాలి. ఈహెచ్‌పీ అయితే వైరసే కాదు, రొయ్య లివర్‌లో పెరిగే సూక్ష్మ పరాన్నజీవి. చావులు ఆగకుండా స్ట్రిప్ నెగెటివ్ చూపిస్తుంటే మొప్పలు, ఈత కాళ్లను వాటికి పదింతలుండే 95 శాతం ఆల్కహాల్‌లో ముంచి ల్యాబ్‌కు పంపండి.

కొనేటప్పుడు ప్రతి స్ట్రిప్ విడి రేకు సంచిలో ఉందా, గడువు మిగిలి ఉందా చూడండి. ఎండలో కాగే మేత షెడ్డులో పెట్టొద్దు. ఫ్రిజ్‌లోంచి తీస్తే, చల్లదనం పోయాకే సంచి చింపాలి, లేకుంటే చెమ్మ పట్టి స్ట్రిప్ పాడవుతుంది.